బక్క గొర్రెకు సగం మందు

కుప్పం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ మాట చెప్పినప్పుడు ఓబులప్ప గోడకున్న ఫ్యాను స్విచ్చి కేసి చూస్తున్నాడు. చూడడానికి అక్కడ ఏమీ లేదు. ఎదుటివాళ్ల ముఖాల్లోకి చూడలేని మనిషికి చూపు నిలపడానికి ఏదో ఒకటి కావాలి కదా, అతనికి స్విచ్చి దొరికింది.

"మందు పనిచేయడం ఆగిపోయినట్టుంది," అంది డాక్టర్ లక్ష్మీప్రియ. బెంగళూరు నుంచి వారానికోసారి వచ్చే క్యాన్సరు డాక్టరు ఆమె. "మొదట్లో బాగా తగ్గింది. ఇప్పుడు కాలేయం మీది మచ్చలు మళ్లీ పెరిగాయి. కొందరిలో ఇలా అవుతుంది. గడ్డ మందుకు అలవాటుపడి మొండికేస్తుంది."

రెడ్డెమ్మ ముసుగు సర్దుకుంది. జబ్బు ఆమెది. పెద్దపేగులో మొదలై కాలేయానికి పాకిన క్యాన్సరు. ఆపరేషను, మామూలు కీమో అయ్యాక, గడ్డ ముక్కను పరీక్షకు పంపి, దానికి సరిగ్గా గురిపెట్టే మందు ఒకటుందని తేల్చి, ఏదో సంస్థకు రాసి మరీ ఇప్పించింది డాక్టరమ్మ. రోజూ ఇంట్లో నాలుగు మాత్రలు మింగాలి. రెండు వారాలకోసారి కుప్పం వచ్చి సెలైనులో సూదిమందు ఎక్కించుకోవాలి.

"మాత్రలు రోజూ వేస్తున్నారు కదా? నాలుగూ?" అడిగింది డాక్టరమ్మ.

ఓబులప్ప నోరు తెరిచేలోగా కూతురు లత అందుకుంది. పుంగనూరులో కాపురం ఆ పిల్లది. మదనపల్లె నుంచి వచ్చే బస్సులో తల్లిదండ్రులు ఉంటారు, పుంగనూరులో తను ఎక్కుతుంది, ముగ్గురూ కలిసి కుప్పం వస్తారు.

"మా నాయన ఉండాడు గదా మేడం! గొర్లకు నీళ్లు పెట్టేది మరుస్తాడేమో గానీ అమ్మకు మాత్ర మరవడు. రోజూ ఆయప్ప చేత్తోనే ఇస్తాండాడు."

డాక్టరమ్మ ఓబులప్పకేసి మెచ్చుకోలుగా చూసి తల ఊపింది. దానికన్నా చెంప పగలగొట్టినా బాగుండేది. అబద్ధం అతను ఆడలేదు, నిజమే. కూతురు ఆడింది, తెలియక. అతను చేసిందల్లా నోరు మూసుకోవడం. కొన్నిసార్లు అది అబద్ధం కంటే పెద్దది.

"ఇవాళ రక్తం తీసుకుంటాం. గడ్డ నుంచి రక్తంలోకి కొన్ని తునకలు వస్తుంటాయి. వాటిని పరీక్షిస్తే కొత్తగా ఏం మార్పు వచ్చిందో తెలియవచ్చు. వచ్చే విడతలో ఈ మందు ఆపేసి వేరేది మొదలుపెడదాం." ఆమె కాస్త ఆగింది. "అది ఇంత బాగా పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను. కానీ పనిచేయని మందును పట్టుకుని కూర్చోలేం కదా. అప్పటిదాకా ఇవే వేయండి."

ఆపేస్తుందట. చేతిలో ఉన్న మంచి మందును ఆపేస్తుందట. ఓబులప్ప స్విచ్చి కేసే చూస్తూ ఉండిపోయాడు.

అసలు సంగతి ఇదీ. రెడ్డెమ్మ మింగుతున్నవి నాలుగు కాదు, రెండు. వేసవి మొదలైనప్పటి నుంచీ రెండే.

రెడ్డెమ్మను చూసినవాళ్లెవరికైనా అతను ఎందుకలా చేశాడో అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు, అది వేరే మాట. కురబలకోట చుట్టుపక్కల గొర్రెల మందలున్న ఇళ్లలో రెడ్డెమ్మ నోరు పేరుపొందింది. అంగళ్లు ఊరి సంతలో గొర్రె నడుము మీద చెయ్యివేసి ఇన్ని కిలోలని చెబితే కాటా కూడా ఆమె మాటే వినేది. బేరగాళ్లు ఓబులప్పను పక్కకు పిలిచి, "ఆయమ్మను తోడుకోని రావద్దప్పా, నీకు పుణ్యముంటాది," అనేవాళ్లు. అలాంటి మనిషికి సూదిమందు మొదలైన కొన్నాళ్లకే ముఖం నిండా ఎర్రటి గుల్లలు లేచాయి. మెడ, ఛాతీ, వీపు, అంతా అదే. వేళ్ల కొసలు పగిలి కంది కాయ ఒలవడానికి కూడా పనికిరాకుండా పోయాయి. పక్కింటి పాపక్క చూసి, "అమ్మవారు పోసింది," అని వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టిపోయింది. అమ్మవారు కాదు, మందు వల్ల వచ్చిందని రెడ్డెమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ తరువాత ఊళ్లో ఒక పెళ్లికి వెళ్తే పక్కన కూర్చున్నామె బిడ్డను ఎత్తుకుని అవతలి వరసలోకి మారింది. రెడ్డెమ్మ మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు. నుదుట బొట్టు పెట్టుకుంటే మంటపుట్టి అదీ మానేసింది.

డాక్టరమ్మ మొదటే చెప్పింది. గుల్లలు వస్తాయి, వస్తే మందు పని చేస్తోందనే లెక్క, ఎక్కువైతే నాకు చెప్పండి, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు అని. ఇంకొకటి కూడా చెప్పింది. "గడ్డ పెరగడానికి ఒక దారి ఉంది. మాత్ర ఆ దారిని మూస్తుంది. ఒక్కటే మూస్తే అది పక్క దారి వెతుక్కుంటుంది. ఆ పక్క దారిని సూది మూస్తుంది. రెండూ నిండుగా పడాలి."

ఓబులప్పకు చదువు లేకపోయినా ఆ మాట బాగానే ఎక్కింది. కంపకోట దొడ్డికి రెండు సందులుంటే ఒకదానికి కంప అడ్డం వేసి నిద్రపోయేవాడిని గొర్రెలు కూడా నవ్వుతాయి. తెలియక చేశానని చెప్పుకునే వీలు అతనికి లేదు. తెలిసే చేశాడు.

ఒకరోజు తెల్లవారి రెడ్డెమ్మ రాగిసంగటి ముద్ద నోట్లో పెట్టుకోబోయి, పెదవులు పగిలి, ముద్దను అలాగే గిన్నెలో వదిలేసి గోడవైపు తిరిగింది. ఏడవలేదు. ఏడిస్తే కన్నీళ్లకు చెంపలు మండుతాయని ఆమెకు తెలుసు. అది చూసి ఓబులప్ప చేతిలోని నాలుగు మాత్రల్లో రెండింటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. సూదిమందు అతని చేతిలో లేదు, మాత్రలు ఉన్నాయి. గొర్రెల విషయంలో పుట్టినప్పటి నుంచీ అతను చేసే పని అదే. పురుగు మందు తాపేటప్పుడు మంచి గొర్రెకు నిండు మోతాదు, బక్కచిక్కినదానికి సగం. బక్కది తట్టుకోలేదు కదా పాపం! తండ్రి నేర్పిన పద్ధతి, తాత నేర్పిన పద్ధతి. బక్కచిక్కిన పెళ్లానికి కూడా సగం చేశాడు. మిగిలినవాటిని పారేయడానికి చెయ్యి రాలేదు. దొడ్డి పక్కన కొట్టంలో, ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలో వేసి చూరులో దాచాడు.

కొన్నాళ్లకు ఆమె పెదవులు మానాయి. సంగటి తింది. "ఈ పొద్దు కొంచిం బాగుండాది," అంది. ఆ మాట విన్న రోజు ఓబులప్ప తన తెలివికి తానే మురిసిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపెమే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది.

కుప్పం నుంచి తిరిగి వచ్చిన వారంలోనే మందలో మూడు గొర్రెలకు దవడ కింద నీరు దిగింది. పురుగు ముదిరితే అలా తిత్తి దిగుతుంది. మందు తాపి ఎన్నాళ్లో కాలేదు. మందు తాగిన గొర్రెకు వీపు మీద ఎర్రరంగు గుర్తు పెట్టడం అలవాటు, ఆ గుర్తులు కూడా ఇంకా చెరగలేదు. పశువుల డాక్టరు గౌతమ్‌కు కబురుచేస్తే మోటారుసైకిలు మీద వచ్చాడు. కుర్రవాడే గానీ నెమ్మదస్తుడు. గొర్రె కనురెప్ప ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"రక్తమంతా తాగేసినాయి పురుగులు. మందు తాపినావా అప్పా?"

"తాపినా సార్. గుర్తు గుడకా ఉండాది సూడు."

"ఎంత తాపినావు?"

"మంచిదానికి నిండుగా. ఈ బక్కయాటికి సగం."

గౌతమ్ గొర్రెను వదిలి లేచి నిలబడ్డాడు. "సగం యాల?"

"తట్టుకోలేవని."

"బక్కదాంట్లోనే గదప్పా పురుగు ఎక్కువుండేది! సగం మందు పోస్తే ఏమైతాది? మెత్తటి పురుగు సస్తాది, గట్టిది బతుకుతాది. రేపు ఆ గట్టిదాని పిల్లలే కడుపునిండా ఉంటాయి. ఇంగ నువ్వు నిండుగా పోసినా అవి లెక్కచేయవు. వాటికి నువ్వే సామూ గరిడీ నేర్పించినట్ల."

ఓబులప్ప కంపకోట పక్కన బండమీద కూలబడ్డాడు. గౌతమ్ పురుగుల గురించి మాట్లాడుతున్నాడు, అతనికి తెలిసినవి అవే. ఓబులప్పకు మాత్రం వేరే కడుపు కనిపిస్తోంది.

"ఇంగ ఆ మందు పనికిరాదా సార్?" అడిగాడు.

"ఒకటే అయితే కష్టం. రెండు రకాలు కలిపి, తూకం సూసి, నిండుగా ఇయ్యాల. కొన్నిటికి పనిచేస్తాది, కొన్నిటికి చేయదు. సూద్దాం." ముసలాయన ముఖం చూసి గౌతమ్ కంగారుపడ్డాడు. "మూడు గొర్లకే అట్లయిపోతే ఎట్లప్పా, బాగైతాయిలే."

మరునాడు పొద్దున రెడ్డెమ్మ చేతిలో ఓబులప్ప నాలుగు మాత్రలు పెట్టాడు. చెంబుతో నీళ్లు అందించి, ఏమీ ఎరగనట్టు పైకప్పు కేసి చూడబోయాడు.

రెడ్డెమ్మ మాత్రలు నోట్లో వేసుకోలేదు. అరచేతిలో వాటిని వేలితో దొర్లించింది.

"ఏమప్పా, ఈ పొద్దు ఇవి జోడీలు కట్టినాయే?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది.

"నీకు తెలుసునా?" అన్నాడు చివరికి.

"గొర్రె నడుము పట్టి తూకం జెప్పేదాన్ని. అరచేతిలో రెండున్నాయో నాలుగున్నాయో తెలీదా నాకు?" రెడ్డెమ్మ గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "మొదటి రోజే సూసినా. అడగదామనుకున్నా. అడిగితే నువ్వు మళ్లా నాలుగిస్తావు. రెండు మింగితే నాకు కొంచిం హాయిగా ఉన్నింది. పెదాలు మానినాయి. అందుకే నోరు మూసుకున్నా. నువ్వొక్కడివే సేసినట్ల మొగం పెట్టుకోవద్దు. ఇద్దరం సేసినాం."

ఓబులప్ప నేలమీద కూర్చుండిపోయాడు. ఇన్నాళ్లూ మోస్తున్న మూటలో సగం ఆమె లాక్కుంది. బరువు తగ్గాలి కదా, తగ్గలేదు. ఆమెకు ఇలా నోరు మూసుకునే అలవాటు లేదు. నొప్పి ఆమె నోరు మూయించింది, ఆ మూసిన నోటి చాటున తను దాక్కున్నాడు.

"డాక్టరమ్మ ఈ మందు ఆపేస్తానంటాంది," అన్నాడు. "పనిచేయలేదు అనుకొని. మనం నిండుగా ఇయ్యనేలేదని ఆమెకు తెలీదు."

"సెప్తాంలే. నేనే సెప్తా. నేనే మరిచిపోతాంటి అంటా. జబ్బు మనిషిని ఎవురు తిడ్తారు? నీ మీదికి రాదు. లత గూడా నిన్ను ఏమీ అనదు."

నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే ఓబులప్ప ప్రాణం లేచి వచ్చింది. మందు నిలబడుతుంది, కూతురి దగ్గర తన పరువూ నిలబడుతుంది. ఒక్క అబద్ధం, అదీ పెళ్లామే ఆడుతుంది. సరేనన్నట్టు తల ఊపాడు. ఊపినందుకు ఆ రోజంతా మందను సరిగ్గా మేపలేకపోయాడు. గొర్రెలు పక్కవాళ్ల వేరుశనగ చేలో పడితే వాళ్లు నానా మాటలూ అన్నారు, అవి కూడా తనకు రావలసినవే అనిపించింది.

కుప్పం వెళ్లే రోజు వచ్చింది. బస్సుకు బయలుదేరేముందు ఓబులప్ప కొట్టంలోకి వెళ్లి చూరులోంచి డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆ క్షణంలో అతనికే తెలియదు. పుంగనూరులో లత ఎక్కింది. అమ్మకు మెత్తటి నూలుగుడ్డ, నాయనకు పొట్లంలో బజ్జీలు తెచ్చింది. తల్లి పక్కన కూర్చుని ముసుగులో చెయ్యి దూర్చి జుట్టు సర్దింది. "మా నాయన లేకుంటే నీ గతి ఏమయ్యేదిమా," అంది నవ్వుతూ. ఓబులప్ప పొట్లం విప్పలేదు. పలమనేరు దాటేదాకా పొట్లాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ గదిలో రెడ్డెమ్మ అన్న మాట ప్రకారం మొదలుపెట్టింది. "అమ్మా, ఒక తప్పు జరిగింది. నేను ఆ మాత్రలు..."

"ఆయమ్మ కాదు," అన్నాడు ఓబులప్ప.

గదిలో అందరూ అతనికేసి తిరిగారు. అతను సంచిలోంచి డబ్బా తీసి బల్లమీద పెట్టి మూత తెరిచాడు. మాత్రలు నిండుగా ఉన్నాయి. గొర్రెల మందు వాసన గదంతా అలుముకుంది.

"నేనే సగం ఇస్తా వచ్చినానమ్మా. ఆయమ్మ మొగం సూడలేక. నువ్వు ఆపొద్దని జెప్పినావు. నాకు తెలుసు. తెలిసే సేసినా. పోయినసారి మా పాప నాలుగు అనింటే నేను నోరెత్తలేదు." చేతులు జోడించాడు. "నువ్వు ఈ మందు పనికిరాదని తీసేస్తే ఆయమ్మ నా వల్ల పోతాది."

డాక్టరమ్మ డబ్బాకేసి చూసింది. అరుస్తుందని అతను ఎదురుచూశాడు. ఆమె అరవలేదు. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

"పోయినసారి ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?"

ఓబులప్ప డబ్బాను ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"మోతాదు తగ్గించకూడదని కాదు. తగ్గించవలసి వస్తే నేను తగ్గిస్తాను, ఎంతో నాకు తెలుసు. చర్మానికి వేరే మందులున్నాయి. మీరు 'బాగుండాది' అంటే బాగుందనే అనుకున్నాను." ఆమె రిపోర్టు తీసింది. "రక్తంలో కొత్త మార్పేదీ కనిపించలేదు. నాకూ వింతగానే ఉంది, మరి ఎందుకు పెరిగిందా అని. కనిపించనంత మాత్రాన లేదని ఒట్టేసి చెప్పలేను. కానీ ఈ మందును ఇంకా వదులుకోనక్కరలేదు. నిండు మోతాదుతో మళ్లీ మొదలుపెట్టి, రెండు నెలలకు స్కాను చూద్దాం."

"నా వల్లే పెరిగిందామ్మా?" అని అడిగాడు ఓబులప్ప. అడగకుండా ఉండలేకపోయాడు.

"చెప్పలేను," అంది డాక్టరమ్మ. "నిండుగా వేసుకున్నవాళ్లలో కూడా పెరుగుతుంది. మీ వల్ల అని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను."

అవునని తిట్టి ఉంటే పడి ఉండేవాడు. కాదని ఉంటే ఏడ్చి తేలికపడేవాడు. ఈ రెండూ కాని మాటను ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు. బతికినన్నాళ్లూ దాన్ని మోయాలి కాబోలు.

తిరుగు ప్రయాణంలో లత తల్లి పక్కన కూర్చుంది, తండ్రికేసి చూడలేదు. పుంగనూరులో దిగబోతూ మాత్రం అతని సీటు దగ్గర ఆగింది. "నేనేమో నిన్ను అంత పొగిడితి నాయనా," అంది. అంతే, దిగిపోయింది. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మరుసటి ఆదివారం పొద్దున ఓబులప్ప మందలోని గొర్రెలన్నిటికీ మళ్లీ మందు తాపాడు. గౌతమ్ రాసిచ్చిన రెండు రకాలు, తూకం ప్రకారం, బక్కవాటికీ వాటి తూకానికి తగ్గట్టు నిండుగా. తాగినదానికల్లా వీపు మీద ఎర్రరంగు అద్దాడు. దవడ కింద తిత్తి దిగిన మూడింటిలో ఒకటి అప్పటికే చచ్చిపోయింది. తక్కిన రెండూ వణుకుతూ నిలబడ్డాయి. మందు ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు.

చేతులు కడుక్కుని లోపలికి వచ్చి రెడ్డెమ్మకు నాలుగు మాత్రలు ఇచ్చాడు. మళ్లీ నాలుగు మింగడం మొదలుపెట్టాక ఆమె బుగ్గల మీద గుల్లలు మళ్లీ లేస్తున్నాయి. డాక్టరమ్మ ఇచ్చిన లేపనం రాస్తున్నాడు, కొంత నయం, అయినా నొప్పి నొప్పే. ఆమె ఒక్కొక్కటే మింగింది. నాలుగోది మింగాక చెంబు కింద పెట్టి అతని వేళ్లకేసి చూసింది. ఎంత తోమినా గోళ్ల సందున ఎర్రరంగు పోలేదు.

"మందు తాగితి గదా. గుర్తు పెట్టవా?" అంది.

ఓబులప్ప బయటికి వెళ్లి రంగు చిప్ప తెచ్చాడు. బొట్టు పెట్టే చోటు చూశాడు, అక్కడ గుల్లలు. బుగ్గ మీద గుల్లలు. చివరికి ఆమె ముంజేతి మీద గుల్ల లేని చోటు వెతికి వేలితో మెల్లగా అద్దాడు.

రెడ్డెమ్మ ముంజేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "సగం తాగినదానికి గుడకా ఇదే గుర్తు పెడ్తాంటివి గదప్పా. సూసేవాళ్లకు తెలిసేదెట్ల?"

ఆమె ఆటపట్టించడానికే అంది. నవ్వింది కూడా. నవ్వేసరికి పెదవి పగిలి రక్తపు చుక్క లేచింది. ఓబులప్ప చెయ్యి అలవాటు చొప్పున చొక్కా జేబు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది. జేబు ఖాళీగా ఉంది. నూలుగుడ్డ తడిపి ఆమె పెదవికి అద్దుతూ అతను బావురుమన్నాడు.

"రేపు గుడకా నాలుగే," అన్నాడు ఏడుస్తూనే.

"నాలుగే," అంది రెడ్డెమ్మ. "నేను వద్దన్నా ఇయ్యి."